సున్నం కొట్టిన రాళ్లు, జానెడు కసువు

మొన్న మా ఆఫీసులో నాకు దండ వేసి, శాలువా కప్పి, రేపటి నుంచి రావద్దని చాలా మర్యాదగా చెప్పినారు. యాభై ఐదేండ్లకే మనిషి ముసలివాడైపోతాడని నమ్మేది సర్కారు ఒక్కటే. మా ఇంట్లో ఆ నమ్మకం ఎవరికీ లేదు. బియ్యం మూట మోసేదానికి ఇప్పటికీ నన్నే పిలుస్తారు. అన్నట్టు ఆ శాలువా నూలుది. కొలువంతా గొర్రెల మధ్య గడిపిన మనిషికి ఉన్ని పోగు ఒక్కటైనా లేని శాలువా కప్పినారంటే మా పశువుల శాఖ ఎట్లాంటిదో మీకు సగం అర్థమై ఉంటుంది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

కొత్తగా ఈ కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "సార్, చిన్న రైతు బీడు నేలలో గొర్రెలకు వంతుల మేత ఎట్ల వేయాల?" అని అడుగుతారు. పుస్తకంలో ఉంది కదా నాయనా అంటాను. ఉంది సార్, కానీ ఊర్లో కుదరడం లేదు అంటారు. కుదరదు. పుస్తకంలో గొర్రెలుంటాయి, గడ్డి ఉంటుంది, నేల ఉంటుంది. ఆ నేల సొంతదారులు ఉండరు. వాళ్ల గురించి నేను చెబుతాను. నేను ఏ ఏడు ఏ మెట్టు ఎక్కినానో మాత్రం చెప్పను. ఎక్కినవి తక్కువ, అవి కూడా పైవాడు దిగితే తప్ప ఖాళీ కానివి.

గాలీ సైకిలూ

నేను కొలువులో చేరింది పంతొమ్మిది వందల యాభైల్లో. మీసం అప్పుడే మొలుస్తా ఉండేది, దానికంటే ముందే టోపీ పెట్టుకున్నాను. శాఖవారు నాకొక సైకిలు ఇచ్చినారు. ఆ సైకిలుకు గంట తప్ప మిగతావన్నీ మోగేవి.

కుందుర్పి దిక్కు ఆషాఢమాసపు గాలి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఒకనాడు నేను పెడలు మీద కాలు పెట్టకుండానే కల్యాణదుర్గం చేరుకున్నాను. చిక్కేమంటే ఆనాడు నేను పోవలసింది కుందుర్పికి. అట్లాంటి గాలి అది. మబ్బు కనబడుతుంది, మనం తలెత్తి చూసేలోపల మైసూరు దిక్కు నుంచి వచ్చి నెల్లూరు దిక్కు పోతుంది. మా నెత్తి మీద దిగాలని దానికి ఎప్పుడూ తోచదు.

వాన లేని ఆ నేల మీద రైతును నిలబెట్టేది గొర్రె. పంట పోయినా గొర్రె ఉంటే ఉన్ని ఉంటుంది, పిల్ల ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎరువు ఉంటుంది. మా ఎర్ర ఇసక నేలలో రాత్రిపూట మంద పడుకున్న చేనికీ, పడుకోని చేనికీ తేడా గుడ్డివాడికి కూడా కాలికింద తెలుస్తుంది. అందుకే మంద ఉన్నవాణ్ణి పిలిచి, కొర్రలో జొన్నలో కొలిచి ఇచ్చి, "మా చేన్లో నాలుగు రాత్రులు మంద పెట్టప్పా" అని బతిమాలుతారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తరవాత దీంతోనే పని.

పెద్దాఫీసరు నాలుగు ముక్కలు

అప్పటి మా పెద్దాఫీసరు వానలు అడక్కుండానే పడే ఏదో దేశంలో గడ్డి గురించి చదివి వచ్చినాడు. మనిషి మంచివాడు, గట్టివాడు. గడ్డి అనే మాట పలికేటప్పుడు ఆయన కండ్లు మూసుకునేవాడు, మనం దేవుని పేరు చెప్పేటప్పుడు మూసుకున్నట్టు.

ఆయన చెప్పింది ఇది. గొర్రెల్ని ఒకే బీట్లో వదిలితే అవి లేత మొలకను వెదుక్కుని తింటాయి, మొలిచిందాన్ని మొలిచినట్టే మళ్లీ తింటాయి, ఆఖరికి వేరు చచ్చిపోతుంది. బీడును నాలుగు ముక్కలు చెయ్యి. ఒక ముక్కలో మేపు, మూడు ముక్కలకు విశ్రాంతి ఇవ్వు. నాలుగోది మేసి వచ్చేసరికి మొదటిది లేచి ఉంటుంది. ఈ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. దీన్ని ఎగతాళి చేసే సీనియర్లు మీకు తగులుతారు, వాళ్ల మాట వినొద్దండి.

"సార్, ముక్కల మధ్య కంచె?" అన్నాను.

"తీగ లేదు. రాళ్లు నాటించు. సున్నం కొట్టించు. తారుతో నంబర్లు వేయించు. పెద్దగా వేయించు."

"గొర్రెలకు చదువు రాదు కద సార్."

"నాకు వస్తుంది. జీపులో నుంచి కనబడాల."

హనుమక్క

మొదట ఏ చిన్న రైతును ఎంచుకోవాలా అని వెదుకుతా ఉంటే కుందుర్పికి అవతల ఒక పల్లెలో హనుమక్క దొరికింది. దొరికింది అనేది నా గొప్ప కోసం రాసినాను. నేనే ఆమెకు దొరికినాను. మొగుడు పోయి చాలా ఏండ్లయింది. ఇద్దరు కొడుకులు, పెద్దవాడు తిప్పేసామి, చిన్నవాడు ఈరన్న. ఇద్దరికీ పెండ్లిండ్లయి పిల్లలున్నారు. అందరికీ కలిపి ఒకటే పొయ్యి, ఒకటే సంగటి కుండ. ఆ కుండ ఎంత పెద్దదంటే, దాన్ని కడగాలంటే చిన్న కోడలు లోపలికి దిగేదని నేను అందరికీ చెబుతా ఉండేవాణ్ణి.

పొలంలో సగం ఎర్ర చేను, సగం గుండ్లూ రేగుకంపలూ నిండిన బీడు. ముప్పై నలభై గొర్రెలు. వాటిని కాసేది హనుమక్కే. భుజాన కంబళి, చేతిలో కట్టె, నోట్లో నేను ఇక్కడ రాయకూడని మాటలు.

"ఏమప్పా, గొర్లకు పాఠం చెప్పను సర్కారు పంపిచ్చినాదా నిన్ను?" అనింది మొదటి రోజు.

"గొర్రెలకు కాదవ్వా. గడ్డికి."

"గడ్డి యాడుండాదో చూపిచ్చు. నేనూ కూచుని వింటా."

అయినా ఒప్పుకుంది. దానికి కారణముంది. అంతకు ముందటి ఎండాకాలం శివరాత్రి నాటికే బీడు బోడిగుండు అయిపోయింది. మందను తోలుకుని ఊరు విడిచిపోయి, తిరిగి వచ్చేసరికి పిల్లలు చాలా దారిలోనే పోయినాయి. ఇంకొక ఎండాకాలం అట్లే గడిస్తే మందను అమ్ముకోవడమే. కదిరి సంత వ్యాపారి ఒకడు అప్పటికే రెండుసార్లు వచ్చి గొర్రెల వీపులు నొక్కి కండ చూసి పోయినాడు. వాడు వీపు నొక్కితే గొర్రె నా దిక్కు చూసేది, ఏమన్నా చెయ్యవప్పా అన్నట్టు.

రాళ్లు నాటించినాను. సున్నం దండిగా కొట్టించినాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తారుతో మనిషంత అంకెలు వేయించినాను. ఎండకు ఆ రాళ్లు ఎంత తెల్లగా మెరిసినాయంటే మూడూర్ల కాకులు ఆ దిక్కు కండ్లు మూసుకుని ఎగిరినాయి. కొడుకులిద్దరినీ నిలబెట్టి వంతుల లెక్కంతా చెప్పినాను. ఇద్దరూ తలలు ఊపినారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. మా ప్రాంతంలో అర్థమైనవాడు తల ఊపడు, ఎదురు ప్రశ్న వేస్తాడు.

రాయి చెప్పిన మాట

కొన్నాళ్లకు మళ్లీ పోతే హనుమక్క ఇంటి ముందర జనం కూచుని ఉన్నారు. ఎవరో పోయినారనుకుని సైకిలు దిగి టోపీ తీసినాను. ఎవరూ పోలేదు. ఆమెను పరామర్శించను వచ్చినారు.

సంగతేమంటే, మా దిక్కు ఒకరి పొలం మధ్యలో రాయి పడిందంటే దానికి ఒకటే అర్థం. అన్నదమ్ములు వేరు పడినారు. ఇంక రెండో అర్థం మా తాతల కాలం నుంచి లేదు. అందులోనూ సున్నం కొట్టిన రాయి, నంబరు వేసిన రాయి, టోపీ పెట్టుకున్న మనిషి దగ్గరుండి నాటించిన రాయి! గొర్రెలకు విశ్రాంతి, గడ్డికి విశ్రాంతి అని నేను చెప్పిన ఉపన్యాసమంతా, భాగాల మాట పైకి చెప్పలేక సర్కారు ఆడిన నాటకం అనుకున్నారు. ఊరి తెలివి అది. నేరుగా చెప్పిన మాటను మాత్రం నమ్మరు.

అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నాకు తెలీకుండా సర్కారోన్ని పిలిపిచ్చి భాగాలు వేయిస్తివి గదరా దొంగా!" అన్నాడు తిప్పేసామి.

"నేనా? ఒకటో నంబరు పెద్దకొడుక్కే పడినాది. నువ్వు పిలిపిచ్చకుంటే ఆ రాయి నడిసొచ్చినాదా అన్నా?"

"రెండోదాంట్లో నీళ్లు పారే వంక ఉండాది. ఆ వంకను నీకు ఎవురు రాసిచ్చినారు?"

"అయ్యా," అని నేను మధ్యలో దూరినాను, "ఒకటి పెద్దాయనదీ కాదు, రెండు చిన్నాయనదీ కాదు. ఇది ఒట్టి మేత కోసం."

ఇద్దరూ ఒకేసారి నా దిక్కు తిరిగినారు. పగ పుట్టినాక వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

"నువ్వు ఉండు సారూ," అన్నాడు ఈరన్న.

"అవును, నువ్వు ఉండు," అన్నాడు తిప్పేసామి.

"రాళ్లు పీకించేస్తాను. ఇప్పుడే పీకించేస్తాను," అన్నాను.

ఈరన్న నవ్వినాడు. "రాయి పీకితే వస్తాది సారూ. మా అన్న నన్ను దొంగ అనె గదా, ఆ మాట నువ్వు పీకగలవా?"

మా శాఖలో దానికి పనిముట్టు లేదు.

హనుమక్క మాత్రం ఒక మూల కూచుని గొర్రెపిల్ల కాలిలో ముల్లు తీస్తా ఉంది. ఆమె దిగులు పొలం గురించి కాదు. పొలం రెండైతే పొయ్యి రెండవుతుంది, పొయ్యి రెండైతే మంద రెండవుతుంది. పదహైదు ఇరవై గొర్రెల మందను ఎవరు కాస్తారు? కాసేదానికి ఒక మనిషి పూర్తిగా కావాల, అంత చిన్న మంద ఒక మనిషిని పోషించలేదు. రెండు ముక్కలూ ఒకే సంతలో అమ్ముడుపోతాయి. ఆ లెక్క ఆమెకు తెలుసు. ఆ లెక్క తెలిసిన ఇంకొక మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఎవరు చెప్పినారో ఏమో, కదిరి వ్యాపారి దొడ్డి దగ్గర నిలబడి నెమ్మదిగా వీపులు నొక్కుతున్నాడు.

పసుపు కుంకుమ గొర్రె

పెద్దమనుషులు కూచున్నారు. నన్ను కూడా కూచోబెట్టినారు, రాళ్ల తండ్రిని కాబట్టి. పొలం రెండు భాగాలని తేలిపోయింది. చేన్లో ఒక సగం, బీట్లో ఒకటో ముక్క, మూడో ముక్క తిప్పేసామికి. చేన్లో మిగిలిన సగం, బీట్లో రెండో ముక్క, నాలుగో ముక్క ఈరన్నకు. మా పెద్దాఫీసరు జీపులో నుంచి కనబడాలని వేయించిన అంకెలు పెద్దమనుషులకు ఎంత సౌకర్యమైనాయో చెప్పలేను. అర్ధపూట పని పావుగంటలో అయిపోయింది.

"ఇంక మంద," అన్నాడు ఒక పెద్దాయన.

హనుమక్క లేచింది. "మందను ఎవురు పంచేది?"

"సగం సగం హనుమక్కా. దాంట్లో ఏముండాది?"

"నా పెండ్లిలో మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఒక గొర్రెను ఇచ్చినాడు. చెవికి మచ్చ ఉండేది. ఈడ ఉండేవన్నీ దాని కడుపున పుట్టినవి, వాటి కడుపున పుట్టినవి. ఈండ్ల నాయన పొలం ఈండ్లు పంచుకోనీ, నేను అడ్డం రాను. నా పుట్టింటి గొర్రెను ముట్టేదానికి ఈడ ఎవురికి హక్కు ఉండాదో లేసి చెప్పండి."

ఎవరూ లేవలేదు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చినదాన్ని మొగుడు కూడా అడగకూడదు, కొడుకులెంత? పెద్దమనుషులు గడ్డాలు గోక్కున్నారు. ఒకాయనకు గడ్డం లేకపోతే పక్కాయనది గోకినాడు.

"అయితే నీ మందను యాడ మేపుతావమ్మా?" అన్నాడు తిప్పేసామి. "బీడంతా మాది గదా."

"పిలిసినోని బీట్లో మేపుతా. యావుని బీట్లో మేస్తే మాపటికి వాని చేన్లోనే మంద పెడతా. ఎరువు వానిది."

ఈరన్న వెంటనే లేచినాడు. "నాదాంట్లో మేపమ్మా!"

"నాదాంట్లో! పెద్దోన్ని నేను!"

"ఉండండ్రా," అనింది హనుమక్క. చెయ్యి చాపి వేళ్లు విప్పి చూపించింది. కసువంటే మా దిక్కు గడ్డి. "కసువు నా జానెడు ఉంటేనే దిగుతా. జానెడు లేదా, పక్కోని ముక్కకు పోతా. మేసినాక మళ్లా జానె లేచినదాంకా ఆ దిక్కు రాను. ఇంకో మాట. నా కుండలో సంగటి తినేవానికే నా మంద ఎరువు. యావుడన్నా వేరే పొయ్యి పెట్టినాడా, వాని చేన్లో నా గొర్రె కాలు కూడా పెట్టదు."

వ్యాపారి దొడ్డి దగ్గర నుంచి తన తువ్వాలు తీసి దులుపుకుని భుజాన వేసుకుని దారి పట్టినాడు. ఆమె పుస్తకం చదవలేదు, నా ఉపన్యాసం విన్నట్టూ నాకు గుర్తు లేదు. కొడుకుల్ని ఒక కుండ దగ్గర కట్టేసే ఉపాయం వెదుక్కుంది, అంతే. కానీ ఆమె చెప్పినదాన్ని నాలుగు ముక్కల మీద పరిచి చూస్తే, అచ్చం మా పెద్దాఫీసరు కండ్లు మూసుకుని చెప్పిన వంతుల మేత.

కంచె ఎట్లాంటిది

ఆ ఏడు వానలు దయతలిచి నాలుగు పడినాయి. కసువు లేచింది. దాన్ని కాపాడిన తీరు నేను ఇంకెక్కడా చూడలేదు, చూస్తానని ఆశ కూడా లేదు.

తిప్పేసామి తన ముక్క దగ్గర మంచె కట్టుకున్నాడు. ఈరన్న అంతకంటే ఒక మూర ఎత్తు మంచె కట్టుకున్నాడు. తిప్పేసామి తన మంచెను ఇంకో మూర లేపినాడు. దసరా నాటికి ఆ మంచెల మీద నుంచి బళ్లారి దీపాలు కనబడినాయని చెప్పుకున్నారు. ఊరివాళ్ల ఆవు ఒకటి నోరు చాపితే ఇద్దరూ లేచి దాన్ని దాని ఇంటి కొట్టం వరకూ తరిమి, ఆవుగల ఆయనకు కూడా నాలుగు తగిలించి వచ్చేవాళ్లు. ఒక కుందేలు పొరపాటున మూడో నంబరులోకి వస్తే తిప్పేసామి దాన్ని కల్యాణదుర్గం వరకూ తరిమినాడని అన్నారు. నేను నమ్మలేదు. మధ్యలో వంక ఉంది. వంక వరకూ తరిమి ఉంటాడు.

రోజూ ఇంట్లో మాత్రం ఒకే కుండ. ఇద్దరూ వీపులు ఆనించుకుని కూచుని తినేవాళ్లు. సంగటిలోకి ఊరుబిండి పచ్చడి అడగాలంటే ఒకడు తల్లితో చెప్పేవాడు, ఆమె రెండోవాడితో చెప్పేది, వాడు చెయ్యి వెనక్కి చాపేవాడు. గిన్నె చేతులు మారేది, మాట మారేది కాదు.

ఇక జానె కొలిచే రోజు ఊరంతా వచ్చేది.

"అమ్మా, నాదాంట్లో వేళ్లు శానా సాచుతాండావు," అనేవాడు తిప్పేసామి. "మొన్న తమ్మునిదాంట్లో ఇంత సాచలేదు."

"నీ కసువు సాచుకోకుంటే నా వేళ్ల మీద పడి ఏడుస్తావేమిరా?"

మా పెద్దాఫీసరు జీపులో వచ్చినాడు. దిగినాడు. కసువు చూసినాడు. కండ్లు మూసుకున్నాడు. తెరిచి, మూడో నంబరులోకి బూటుకాలు పెట్టినాడు.

"దొరా! కాలు తియ్యి!" అని మంచె మీద నుంచి తిప్పేసామి అరిచినాడు. "రేపు జానె కొలిసేది ఉండాది!"

"తొక్కు దొరా, తొక్కు!" అని అవతల మంచె మీద నుంచి ఈరన్న. "ఈ పక్క కూడా తొక్కు, బాగా తొక్కు!"

పెద్దాఫీసరు ఒంటికాలి మీద నిలబడి నన్ను అడిగినాడు. "గడ్డి ఇంత బాగా నిలిచింది. కంచె లేదు కదా, ఎట్ల?"

"కంచె ఉంది సార్. రెండు మంచెల మధ్య ఉంది. కంటికి కనబడదు."

ఆయనకు ఆ మాట చాలా గొప్పగా వినబడినట్టుంది. జీపెక్కేదాకా తలాడిస్తానే ఉన్నాడు.

ఆ ఎండాకాలం ఊరి మందలన్నీ ఊరు విడిచిపోయినాయి. హనుమక్క మంద మాత్రం ఉగాది దాటినా తన బీట్లోనే ఎండు కసువు నములుతా నిలబడింది. కదిరి వ్యాపారి ఆ ఏడు రాలేదు.

మంచివాళ్ల ఊరు

ఇక్కడితో ఆపితే నా గొప్ప మిగిలేది. పెద్దాఫీసరు ఆపలేదు. అదే పథకం, అవే రాళ్లు, అదే సున్నం విడపనకల్లు దిక్కు ఒక ఊర్లో వేయమన్నాడు. అక్కడ ముగ్గురన్నదమ్ములు, ఒకరంటే ఒకరికి ప్రాణం. భాగాల అనుమానం రాకుండా ఈసారి ఊరందరినీ పిలిచి గొంతు పోయేదాకా చెప్పినాను. అందరికీ బాగా అర్థమైంది. ఎదురు ప్రశ్నలు కూడా వేసినారు.

మూడు నెలలకు పోయి చూస్తే బీడు నా అరచేయి మాదిరి ఉంది. ఒకటో నంబరు రాయి మీద బట్టలు ఉతుకుతున్నారు. రెండో నంబరు మీద ఒక తాత కూచుని బీడీ కాలుస్తున్నాడు. మూడోది ఇంటి గడప కింద మెట్టు అయింది. నాలుగోదాని ఆచూకీ నాకు ఈనాటికీ తెలియదు.

పెద్దాఫీసరు నిలదీసినాడు. "అక్కడ పారిన పథకం ఇక్కడ ఎందుకు పారలేదు?"

"వీళ్లు మంచివాళ్లు సార్."

"అంటే?"

"అన్న గొర్రెలు వస్తే తమ్ముడు పోనీలే అంటాడు. తమ్ముడి ఆవు వస్తే అన్న పోనీలే అంటాడు. పక్కింటాయన మేకలు వస్తే ముగ్గురూ పోనీలే అంటారు. గడ్డి మాత్రం ఒక్కరి మాటా వినకుండా పోయింది సార్."

ఆయన జీపెక్కి పోయినాడు. ఆ తరవాత గడ్డి పేరు ఎత్తినప్పుడు కండ్లు మూసుకోవడం మానేసినాడు. నన్నడిగితే, ఆయన గొప్ప ఆఫీసరయింది ఆనాటి నుంచే.

కాబట్టి పిల్లలూ, ముక్కలు వేసే ముందు నేల కొలవండి, గడ్డి చూడండి, వాన ఎప్పుడు పడుతుందో కనుక్కోండి. అవన్నీ అయినాక ఆ ఇంట్లోకి పోయి, ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో, ఎవరు ఎవరి వీపు ఆనుకుని తింటున్నారో చూడండి. విశ్రాంతి ఇచ్చిన గడ్డిని ఎవరు, ఎందుకు కాపాడతారో మీకు తెలియకపోతే ముక్కలు వేయొద్దు. మేత పథకం అంటే గొర్రె ఎక్కడ మేయాలో చెప్పడం కాదు. మేయకుండా ఉన్న చోటు మీద ఒక మనిషికి ఆశ పుట్టించడం. ఆ ఆశకు ఆ ఇంటి ఆచారంలో చోటు దొరికితే పథకం పారుతుంది, లేకపోతే బట్టలు ఉతికే రాయి మిగులుతుంది. మనుషుల్ని కొట్లాడించమని నేను చెప్పడం లేదు. ఆ విద్య హనుమక్కకు తప్ప ఇంకొకరికి పట్టుబడదు, మీరు చేస్తే తలలు పగులుతాయి.

మళ్లీ ఒకసారి

అరవైల్లో, వాన మొఖం చాటేసిన ఒక ఏడు, పని మీద కుందుర్పి దిక్కు పోయినాను. ఈసారి సైకిలు కాదు, జీపు. ఈ జీపుకు హారను కూడా మోగేది కాదు.

హనుమక్క వంగిపోయింది గానీ కట్టె అదే, కంబళి అదే. మంద పెరిగింది. అన్నదమ్ములిద్దరూ తలలు నెరిసి, కోపం మోసే ఓపిక లేక, ఎప్పుడో దాన్ని దించేసినారు. అరుగు మీద పక్కపక్కనే కూచుని ఒకే బీడీ మార్చుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, "మా రాళ్ల సారు!" అన్నారు. మంచెలు కూలిపోయి చాన్నాళ్లయిందంట.

నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలో బీడు చూడను పోయినాను. బోడిగుండు. వేరు కూడా గీక్కుని తిన్నట్టుంది. రాళ్ల మీద సున్నం ఎప్పుడో వెలిసిపోయింది. నాలుగో నంబరు మీద తారు మరక మాత్రం కొంచెం కనబడుతుంది. దొడ్డి దగ్గర ఎవరో ఒకాయన వంగి గొర్రె వీపు నొక్కుతున్నాడు. తువ్వాలు చూసి గుర్తుపట్టినాను.

హనుమక్క నా పక్కన వచ్చి నిలబడింది.

"మందను ఇప్పుడు మనవలు కాస్తాండారు సారూ. పెద్దోని కొడుకూ, చిన్నోని కొడుకూ. ఇద్దరూ ఒకటే ప్రాణం. ఒక తట్టలో తింటారు, ఒక కంబళిలో పడుకుంటారు. ఒకడు ఈడ మేపుదామా అంటే, ఇంకోడు మేపుదాం పా అంటాడు. యాడ మేసినా అడిగేవాడు లేడు."

"మంచిదే కదవ్వా. ఇంట్లో కలిసి ఉన్నారు."

ఆమె బీడు దిక్కు చూసింది. దొడ్డి దగ్గర వంగిన ఆ వీపు దిక్కు చూసింది. తరవాత నా దిక్కు తిరిగి, కొడుకులకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"నీ కాడ ఇంకా సున్నం ఉండాదా నాయనా?"